ఒకే పూట

రెండూ ఒకే పూట పెట్టారట. ప్రమీలమ్మ మేడమ్ ఆ మాట చెబుతున్నప్పుడు ప్రియాంక చూపు ఆవిడ ముక్కుపుడక మీద ఉంది, అందులో ఒక రాయి ఊడిపోయి చిన్న గుంట మిగిలింది, ఆవిడ ఇంకా అద్దంలో చూసుకున్నట్టు లేదు, చెప్పాలా వద్దా అనుకుంటుండగానే ఆవిడ తను చెప్పవలసింది చెప్పేసి, భుజం తట్టి, సెలక్షన్ కమిటీ గదిలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు పాలమూరు ఇండోర్ స్టేడియం వెనక మెట్ల మీద, స్కేట్లు విప్పకుండానే కాళ్ళు చాపుకుని కూర్చుని, ప్రియాంక ఆ మాటను మళ్ళీ మొదటి నుంచి వింటోంది. ఆసియా పోటీల్లో ఫిగర్సూ పెయిర్సూ ఈసారి ఒకే పూట. ఒక మనిషి రెండు చోట్ల ఉండలేదు గనుక రెండింట్లో ఒకటి తీసుకోవాలి. నిన్న జంట స్కేటింగ్‌లో ప్రియాంకా శివకృష్ణా జాతీయ విజేతలు. ఇవాళ పొద్దున, నేల మీద గీసిన వలయాల మీద ఒంటరిగా తిరిగే ఫిగర్స్‌లో ప్రియాంక ఒక్కతే విజేత. పెయిర్స్ అంటే ఇద్దరూ విమానం ఎక్కుతారు, ఫిగర్స్ చోటు రెండో స్థానంలో వచ్చిన కేరళ అమ్మాయికి పోతుంది. ఫిగర్స్ అంటే తనొక్కతే ఎక్కుతుంది, శివకృష్ణ ఇక్కడే ఉంటాడు, వాళ్ళిద్దరి వెనక నిలిచిన జంట వెళుతుంది. "తొందర లేదు బిడ్డా, మంచిగ ఆలోచించుకో," అంది మేడమ్. ఆ వెంటనే, "సాయంత్రం గెలిచినోళ్ళ ప్రదర్శన షురూ గాకముందే చెప్పాలె, పేర్లు పంపాలె," అని కూడా అంది. ఆ రెండు మాటల మధ్య దొరికింది ఒక గంట.

గంటలో ఏం ఆలోచిస్తారు ఎవరైనా. వేలితో ముందు చక్రాన్ని తిప్పింది, తిరిగింది, ఎక్కడో ఇసుక రేణువు పడినట్టుంది, సన్నగా గీరుతోంది. డిసెంబరు ఎండ మెట్ల మీద సగం దాకా వచ్చి ఆగింది. లోపల ఎవరో మైకులో హలో హలో అంటున్నారు, కుర్చీలు ఈడుస్తున్నారు, సాయంత్రానికి వచ్చే పెద్దలకు సోఫాలు వేస్తున్నట్టున్నారు. కోచ్ ప్రేమ్‌సాగర్ సార్‌ను అడిగితే ఆయన చేతిలోని టీ కప్పును చూస్తూ, "నన్నడగకు తల్లీ. నేను ఒకటి చెప్తే ఇంకోటే నీకు జిందగీ అంతా యాదికుంటది," అన్నాడు. మంచి మాటే. తప్పించుకునే మాట కూడా. నల్గొండలో తను ఏడో తరగతి చదివేటప్పుడు ఈ ప్రేమ్‌సాగర్ సారే బడి వెనక సిమెంటు కోర్టు మీద మేకు పాతి, మేకుకు తాడు కట్టి, తాడు చివర సుద్దముక్క పట్టుకుని చుట్టూ తిరిగి వలయం గీశాడు. మిగతా పిల్లలందరూ వేగంగా పోవడానికి వచ్చారు. ఎవరు ముందు పోతారు, ఎవరు కిందపడతారు, అదే వాళ్ళ ఆట. సార్ ఆ వలయం చూపించి, దీని మీద ఒంటికాలితో పోవాలె, గీత ఇడిస్తే ఆట ఐపోయినట్టే అన్నప్పుడు వాళ్ళంతా నవ్వి వెళ్ళిపోయారు. తను ఉండిపోయింది. ఎందుకుండిపోయింది అంటే ఇంట్లో జాగా లేక. ఇంటి ముందుగది అంతా నాయిన మగ్గం, నడిమి గదిలో అమ్మ ఆసు, మనుషులు వాటి సందుల్లో పక్కకు తిరిగి నడిచేవాళ్ళు. కోర్టు మీద మాత్రం చేతులు చాపితే దేనికీ తగలవు. ఆ ఖాళీ కోసం వెళ్ళి, ఖాళీలో గీసిన గీత మీద నిలబడిపోయింది.

అమ్మ వసంతలక్ష్మి ఆసు పోస్తుంటే చూసేవాళ్ళకు నిద్ర వస్తుంది. చట్రానికి సగం చందమామలా మేకులు, మధ్యలో ఒక మేకు, దారాన్ని చేత్తో అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి, చీరకు చాలినంత దారం అయ్యేదాకా అదే పని. రాత్రయితే భుజానికి నువ్వులనూనె రాసే పని తనది. రాస్తూ ఒకసారి, నొప్పి పెడుతదా అమ్మా అంటే, "చెయ్యి ఆగినప్పుడే నొప్పి, నడిచినంతసేపు ఏం లే," అంది. ఫిగర్స్ గురించి అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు, అమ్మ చెప్పింది ఫిగర్స్ గురించి కాకపోయినా. నాయిన భిక్షపతి మొదటిసారి పోటీ చూడ్డానికి హైదరాబాద్ వచ్చి, పొద్దంతా కూర్చుని, ఆఖరికి, "గీత మీద పోవుడేనా బిడ్డా గీ ఆట," అన్నాడు. అవును, అంతే. పాటుండదు, తళుకుల బట్టలుండవు. నున్నటి నేల మీద పెద్ద వలయాలు, వాటి మీద ఒక కాలు, వాలిన చక్రాలు. న్యాయనిర్ణేతలు నడుములు వంచి వెనకాలే నడుస్తారు, చెవికమ్మ పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫిగర్స్ మొదలవగానే టీ తాగడానికి లేస్తారు. ఇవాళ పొద్దున కూడా లేచారు. లోపల చక్రాల సద్దు తప్ప ఏమీ వినపడని ఆ కాసేపట్లో తనకు పేరు లేదు, ఊరు లేదు, కుడికాలు ఉంది, గీత ఉంది, గీత తిరిగిన వైపు ఒళ్ళు తిరుగుతోంది. అది సంతోషమా అంటే అవునని చెప్పడం కష్టం. సంతోషం అనే మాట ఆ కాసేపటికి కొంచెం పెద్దదీ కొంచెం గోలదీ.

శివకృష్ణది అట్లా కాదు. వాడికి పాట కావాలి, జనం కావాలి, పైకెత్తినప్పుడు హాలంతా గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు కావాలి. వాడు పాలమూరు పిల్లాడు. గొర్రెల మంద వెంట వాళ్ళ బాపు, పర్వతాలు ఆయన పేరు, ఏడాదిలో సగం హాలియా వైపే ఉంటాడు, సాగర్ కాలువ కింద వరి కోశాక ఆ మళ్ళలో మంద పెడితే ఎరువుకు ఎరువు, మేతకు మేత. కొడుకును వెంట తిప్పుకోలేక నల్గొండ హాస్టల్లో వేశాడు. హాస్టల్ పిల్లలకు ఆదివారం బయటికి పోవాలంటే ఏదో ఒక ఆటలో పేరుండాలి, వాడు స్కేటింగ్‌లో ఇచ్చాడు, అంతే కథ. భుజాలు అప్పటికే వెడల్పు. సార్ వీళ్ళిద్దర్నీ జత కట్టించింది కూడా అంతే తేలిగ్గా, "వీడు లేపగలడు, గీ పిల్లకు భయం లేదు," అని. భయం లేదన్నది అందరూ అనే మాటే. మొదటి నెలల్లో ఒకసారి వాడి చేతుల్లోంచి జారి గడ్డం చిట్లినప్పుడు, దవాఖానలో కుట్లు వేస్తుంటే తను పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కల మీద దుమ్మును చూస్తూ, "అక్కా, బయట ఒకడు ఏడుస్తున్నడు, వానికి జర నీళ్ళియ్యుండ్రి," అంది. నర్సు ఆ మాట ఊరంతా చెప్పుకుంది. ధైర్యం అన్నారు. ధైర్యం కాదని ప్రియాంకకు తెలుసు. దెబ్బ తగిలిన మనిషి తనే అయినా, కొంచెం పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది, ఎప్పుడూ. పెండ్లి చేసుకుంటారట గదా అని ఊళ్ళో అనుకున్నప్పుడు కూడా పక్కింటి వాళ్ళ సంబంధం గురించి విన్నట్టు విన్నది. వాడూ అట్లాగే విని ఉంటాడు అనుకుంది, అడగలేదు. ఒకసారి దేవరకొండ మీదుగా బస్సులో వస్తూ వాడే అడిగాడు, "నిన్ను పైకి లేపినప్పుడు నీకేం కనపడ్తది?" "లైట్లు. వాటికి పట్టిన బూజు," అంది. వాడు కిటికీలోంచి చూస్తూ చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం నొప్పి కూడా ఉందా. అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూస్తే ఉన్నట్టే ఉంది, లేకపోతే ఇప్పుడు తనే పెడుతోందేమో.

రైల్వేలో క్రీడాకారుల కోటా కింద ఉద్యోగం. దేశం తరఫున ఒక్కసారి ఆడినా చాలు, అర్జీ పెట్టుకోవచ్చు. వాడికి ఈ పోటీలంటే ముందు అది. దాచింది లేదు, మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు, బాపు మోకాళ్ళు అరిగిపోయినయి, ఇంకెన్ని ఏండ్లు మందెంబడి నడుస్తడు అని. మరి తనకు ఏమిటి? ఏమీ లేదు. ఫిగర్స్‌కు వెళ్ళొస్తే ఎవరూ స్టేషన్‌కు దండలు తీసుకురారు. పెయిర్స్‌లో అక్కడికి వచ్చే దేశాల వాళ్ళ ముందు మనం ఆఖరున ఉంటాం, ఫిగర్స్‌లో నిలబడగలం, అని సార్ అయితే అనవచ్చు. అది నిజం కూడా. కానీ ఆ నిజాన్ని చేతిలో పట్టుకుని చూస్తే అరువు తెచ్చుకున్నట్టుంది, దాని వెనక నిలబడబుద్ధి కాలేదు. గెలుస్తాను గనుక పోవడం కాదు. ఓడిపోయినా పోతుంది. ఇక్కడికి వచ్చేసరికి ప్రియాంక చక్రం తిప్పుతున్న వేలు ఆపింది. ఓడిపోయినా పోతుంది అనుకున్నది ఎవరు? ఇంకా ఆలోచిస్తున్నాననే కదా తను అనుకుంటున్నది.

"ఒక్కదానివే కూసున్నవేంది బిడ్డా?" గుర్వమ్మ. శివకృష్ణ తల్లి. కొడుకు ఆట చూడ్డానికి ఊరి నుంచి రావడం ఇదే మొదలు, రెండు రోజులుగా స్టేడియం చుట్టూ కొత్త జాతర చూసినట్టు చూస్తోంది. కొంగులోంచి ఉడకబెట్టిన పల్లికాయలు తీసి ప్రియాంక ఒళ్ళో పోసి, పక్కనే కూలబడింది. "నిన్న నిన్ను గట్ల నెత్తిమీద పెట్టుకొని తిప్పుతుంటే నాకైతే పానం ఆగలే. భయం గాదా నీకు?"

"కాదు పెద్దమ్మా. అలవాటైంది."

"వాడు ఇంటికొస్తే పొట్టేళ్ళను లేపేటోడు తెల్సా. నెత్తి మీదికి లేపి నిలబడేటోడు. వాని చూస్తెనే గొర్లన్ని ఉరికేటియి." ఆమె నవ్వింది, పొగాకు పళ్ళు. "మీ పెద్దనాయినకు ఫోన్ల చూపెట్టిన్రంట హాలియాల. మంద పెట్టిన మడి రైతు కొడుకు ఫోన్ల. చూసి, మనోడేనా అని మల్ల మల్ల అడిగిండంట." కాయ ఒకటి వలిచి గింజలు ప్రియాంక అరచేతిలో పెట్టింది. "ఏ దేశమంట బిడ్డా మీరు పొయ్యేది? చలి ఉంటదా ఆడ? వానికి గొంగడి పంపుదునా?"

గింజలు నోట్లో వేసుకుంది. ఉప్పు ఎక్కువ. చెప్పవచ్చు ఇప్పుడే, ఇంకా తేలలేదు పెద్దమ్మా అని చెప్పవచ్చు, అది అబద్ధం అవుతుంది, అబద్ధం అవుతుందని తెలియడంతోనే తేలిపోయిందని కూడా తెలిసింది. అమ్మ దారం మేకును ఎప్పుడు దాటిందో అమ్మకే తెలియనట్టు, ఎక్కడో వలయం తిరిగే చోట, ఈ గంటలో కాదు, ఈ ఏడాదిలోనూ కాదేమో, ఆ సుద్దగీత మీద మిగతా పిల్లలు నవ్వి వెళ్ళిపోయి తను ఒక్కతే మిగిలిన పొద్దుటే తేలిపోయి ఉంటుంది. తప్పు అనిపిస్తుందేమోనని లోపల వెతికింది, నిదానంగా, ఆ న్యాయనిర్ణేతల్లాగే నడుము వంచి. ఏదీ కనపడలేదు. నేల నున్నగా ఉంది. అది మాత్రం మంచి సంగతిగా తోచలేదు. "ఇప్పుడే వస్త పెద్దమ్మా," అని లేచింది.

శివకృష్ణ లోపల రింకు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. స్కేటును తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, పానాతో చక్రం మర బిగిస్తున్నాడు. సాయంత్రపు తళుకుల చొక్కా అప్పుడే తొడుక్కున్నాడు, దాని మీద నూనె పడకుండా తువ్వాలు పరుచుకున్నాడు. ప్రియాంక ఎదురుగా నిలబడింది.

"ఫిగర్స్ అని చెప్తున్న."

పానా ఆగలేదు. "చెప్పినవా, చెప్తవా?"

"చెప్త. ముందు నీకు చెప్తున్న."

"నాకు ముందు చెప్తే ఏమైతది?"

"ఏం కాదు."

వాడు చక్రాన్ని తిప్పి చూశాడు. బాగా తిరిగింది. ఇంకా కాసేపు తిరగనిచ్చాడు. తిడతాడనుకుంది, తిడితే ఎట్లా వినాలో కూడా ఒకమూల సిద్ధం చేసుకుంది. "సార్ చెప్పిండా?" అన్నాడు. లేదంది. "మీ నాయిన?" లేదంది. "అయితే నువ్వే," అన్నాడు, ఏదో లెక్క సరిపోయినట్టు. తర్వాత తల ఎత్తకుండానే, "మా అమ్మకు నువ్వే చెప్పు. నాతోని గాదు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాడికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయని తను చూడలేదా, లేక వాడికి ఇప్పటిదాకా కోపమే రాలేదా. దానికి కూడా ఇప్పుడు వేళ లేదు.

మళ్ళీ మెట్ల మీదికి వచ్చింది. ఎండ ఇంకో మెట్టు దిగింది. గుర్వమ్మ పల్లికాయల పొట్టు ఒకచోటికి ఊడ్చి కుప్ప పెడుతోంది. ప్రియాంక నిలబడే చెప్పింది, కూర్చుంటే మాటలు మెత్తబడతాయని. రెండు ఆటలు ఒకే పూట పడ్డాయని, రెండింట్లో ఒకటే ఆడాలని, తను ఒంటరి ఆట తీసుకుంటోందని. గుర్వమ్మ మొత్తం విని, ఊరి భాషలోకి మార్చుకుంది.

"అంటే మావోడు పోడా?"

"పోడు పెద్దమ్మా."

"నువ్వు పోతవు."

"పోత."

"వాడేమన్న తప్పు జేసిండా? నిన్నేమన్న అన్నడా?"

"లేదు. వాడు ఏం చెయ్యలే."

"ఏం చెయ్యలే," అంది గుర్వమ్మ. పొట్టు కుప్పను దోసిట్లోకి ఎత్తుకుంది, ఎక్కడ పారేయాలో తెలియక అటూ ఇటూ చూసింది. శాపనార్థాలు పెట్టలేదు, ఏడవలేదు. బస్సు తప్పిపోయినవాళ్ళ ముఖంలా ఉంది ఆమె ముఖం. లోపలి మైకులో విజేతల పేర్లు చదవడం మొదలైంది, ప్రదర్శనకు తయారుగా ఉండాలని. ఆమె అది విని, కొడుకు పేరు పోల్చుకుని, ప్రియాంక వైపు తిరిగింది. "ఇప్పుడు మల్ల ఆడాల్నా మీరు?"

"ఆడాలె."

"ఇప్పుడు గూడ వాడు నిన్ను లేపాల్నా?"

"లేపాలె పెద్దమ్మా."

గుర్వమ్మ దోసిట్లో పొట్టును మళ్ళీ కొంగులోనే పోసుకుంది. ప్రియాంక కమిటీ గది తలుపు తోసి, "ఫిగర్స్ మేడమ్," అంది. ప్రమీలమ్మ మేడమ్ కళ్ళద్దాల మీదుగా ఆమెను ఒకసారి చూసి, "సరే బిడ్డా," అంది, రాసుకుంది, పక్కనున్న ఆయనతో ఏదో మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంత తేలిక. తేలికగానే ఉంటాయేమో ఇవన్నీ, బరువంతా ముందూ వెనకా ఉంటుంది.

తర్వాత లైట్లు, పాట. శివకృష్ణ వచ్చాడు, రాడేమో అని ఒక క్షణం అనుకున్న మాట నిజమే కానీ వచ్చాడు, చెయ్యి చాపాడు, తను పట్టుకుంది, పొడిగా, గరుకుగా, ఎప్పటి చెయ్యే. మొదటి చుట్టు, రెండో చుట్టు, సోఫాల్లో పెద్దమనుషులు, ఎవరో టీ తాగుతున్నారు, వాడి ఊపిరి తన ఊపిరితో కలిసే నడుస్తోంది, ఇన్నేళ్ళ అలవాటు, దానికి ఈ గంట సంగతి తెలియదు. వేగం పెరిగింది. నడుం మీద వాడి చేతులు పడ్డాయి, మోకాళ్ళు వంగాయి, నేల పోయింది. పైన లైట్లు. వాటికి బూజు ఉందో లేదో తెలియలేదు, ఎందుకంటే ప్రియాంక చూడటం లేదు. కిందికి చూస్తోంది. ఎప్పుడూ చూడని చోటికి. వాడి నడినెత్తి, వాడి ముంజేతుల నరాలు, చాలా కింద గిర్రున తిరుగుతున్న నేల. ఇక్కడ రెండు చేతులూ వదిలి రెక్కల్లా చాపాలి, పాట కూడా అందుకే ఒక్కసారి పైకి లేస్తుంది. చేతులు చాపుకోలేదు. అవి వాడి మణికట్లను పట్టుకుని ఉన్నాయి, గోళ్ళు దిగేంత గట్టిగా, తను పట్టుకోమనలేదు వాటిని. ఇదా భయం అంటే. ఇన్నేళ్ళూ అందరూ అడుగుతూ వచ్చింది దీని గురించేనా. పక్కన నిలబడి చూసే మనిషి ఏమైందో కనపడలేదు, ఇక్కడ పైన ఉన్నది తనొక్కతే, పడితే పడేది తనే.

"ఇడువు," అన్నాడు వాడు కింద నుంచి. పెదవులు కదిలీ కదలకుండా.

వదలలేదు.

"చేతులిడువు ప్రియాంకా. నేను పడెయ్య."

మాటలో కోపం అట్లాగే ఉంది, దాచుకోలేదు. చేతుల్లో మాత్రం వణుకు లేదు. పాట ఆ ఎత్తు దగ్గర ఇంకొంచెం మిగిలి ఉంది. ప్రియాంక ముందు ఒక చెయ్యి వదిలింది, తర్వాత రెండోది. చాపింది. హాలంతా గాలి లోపలికి పీల్చుకుంది. వాడు ఆమెను ఒక నిండు చుట్టు తిప్పి, ఎక్కడ దించాలో అక్కడే, చక్రాల చప్పుడు కూడా కాకుండా దించి, చప్పట్ల వైపు తిరిగి నమస్కారం పెట్టాడు.